తక్కువ ధర జూమ్ టార్చి: వానాకాలానికి దీన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: వేళచ్చేరి, చెన్నై

అందరికీ నమస్కారం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచి, కరెంటు లేక, ఫోను లైటుతోనే సంపు మూతా మీటరు పెట్టే వెతుక్కోవలసి వచ్చింది. అందుకని ఈసారి ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే ఇంట్లో ఒక టార్చి ఉండాలని రిచీ స్ట్రీట్‌లో 450 రూపాయలకు ఒకటి కొన్నాను. అల్యూమినియం గొట్టం, ముందుకూ వెనక్కూ జరిగే జూమ్ తల, లోపల ఒక 18650 లిథియం సెల్, పక్కన టైప్-సి చార్జింగ్ పోర్టు. అట్టపెట్టె మీద 2000 ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత), 5 గంటలు, వాటర్‌ప్రూఫ్ అనీ, సెల్ మీద 4800 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే చార్జికి కొలత) అనీ అచ్చువేశారు.

రాత్రి గది తలుపులు మూసి, టార్చిని నేల మీద నిలబెట్టి పైకప్పు వైపు వెలిగించి, రెండడుగుల దూరంలో పెట్టిన ఫోనులో, పడే వెలుగును కొలిచే లక్స్ యాప్‌తో కొలిచాను. మొదటి నిమిషంలో 62, పది నిమిషాలకు 38, గంటకు 9 వచ్చాయి. ఆ అంకెలు కచ్చితమైన లక్సులు కాకపోవచ్చు గాని, ఫోనూ టార్చీ కదలకుండా ఉన్నంతసేపు ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి సరిపోతాయని నా నమ్మకం. పది నిమిషాల తర్వాత కూడా తల చల్లగానే ఉంది కనుక వేడి సమస్య లేదనుకుంటున్నాను.

మిగిలిన ఇబ్బందులు ఇవి. జూమ్ పూర్తిగా లాగితే గోడ మీద గుండ్రటి వెలుగుకు బదులు పసుపు అంచుతో ఒక చతురస్రం పడుతుంది, అందులో సన్నని తీగల నీడలు కూడా కనిపిస్తాయి. ఒక్కసారి జల్లులో వాడితే లెన్సు లోపలివైపు ఆవిరి పట్టింది. లాప్‌టాప్ చార్జరుతో అసలు చార్జి కావడం లేదు, పాత ఫోను చార్జరుతో మాత్రం అవుతోంది. ఆపాలంటే ప్రతిసారీ టపటపా కొట్టుకునే మోడ్‌ను దాటుకుని వెళ్లాలి, అది మా నాన్నగారి కళ్లకు చాలా బాధగా ఉంటోంది. వీటిలో ఇంట్లో సరిచేసుకోగలిగినవి ఏవి, పుట్టుకతో వచ్చినవి ఏవి?

సమాధానం: మైలాపూరు, చెన్నై

పరీక్ష పద్ధతి బాగుంది. కాని తల చల్లగా ఉండటాన్ని మీరు మంచి గుర్తుగా తీసుకున్నారు, నేను దాన్నే మొదట అనుమానిస్తాను. ఎల్ఈడీకి అందే కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడి తల దాకా రావడం లేదంటే పుట్టడం లేదని కాదు, ఎల్ఈడీ దగ్గరే చిక్కుకుపోయిందని అర్థం. చిక్కుకున్న వేడి వల్ల వెలుగు అప్పటికప్పుడు తగ్గుతుంది, కొంతకాలానికి ఎల్ఈడీ రంగు నీలంగా మారి పాడవుతుంది. ఈ ధరలో నేను విప్పిన చాలా టార్చీలలో ఎల్ఈడీ అతికించిన చిన్న అల్యూమినియం బిళ్ల, మరలతో బిగించే బోలు లోహపు ముక్క అంచుల మీద మాత్రమే కూర్చుని ఉంటుంది. కింద గాలి తప్ప లోహం ఉండదు.

తగ్గుదలకు కారణం వేడా, సెల్లా అన్నది తేల్చడానికి ఒక దారి ఉంది. వెనక మూత విప్పి, మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఒక కొసను సెల్ వెనక కొసకూ రెండో కొసను గొట్టం అంచుకూ ఆనిస్తే టార్చి వెలుగుతుంది, కరెంటు కనిపిస్తుంది. మొదట్లో ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి చూడండి. కరెంటు పెద్దగా తగ్గకుండా వెలుగు మాత్రం తగ్గితే అది వేడి పని. రెండూ కలిసి తగ్గితే సెల్ పని. మీటరు కొసలు జారి ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

సమాధానం: మల్లేశ్వరం, బెంగళూరు

అట్టపెట్టె మీది అంకెలు సాధ్యమా కాదా అన్నది కాగితం మీదే తేలిపోతుంది. ఇలాంటి ఎల్ఈడీ వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 2000 ల్యూమెన్లకు 20 వాట్లు, అయిదు గంటలకు 100 వాట్-అవర్లు కావాలి. పేరున్న కంపెనీల మంచి 18650 సెల్‌లో 3500 ఎంఏహెచ్ ఉంటే, 3.6 వోల్టులతో గుణిస్తే దొరికేది 12.6 వాట్-అవర్లు మాత్రమే. అంటే ఆ మాట నిలబడాలంటే అలాంటి సెల్‌లు ఎనిమిది పట్టాలి. టార్చీలను కొలవడానికి అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్ఎల్-1 ప్రమాణం ప్రకారం వెలుగును వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్య కొలవాలి, అది పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయమే రన్‌టైమ్. మీ 62లో పదో వంతు 6, గంటకే మీరు 9కి వచ్చేశారు.

సెల్‌ను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. సరైన 18650 సెల్ 45 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, మరీ తేలికగా ఉంటే లోపల సరుకు తక్కువని అర్థం.

చార్జింగ్ విషయం తయారీలోనే జరిగిన పొదుపు. టైప్-సి పోర్టులో సీసీ అనే రెండు పిన్నులకు చెరొక 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. వాటిని చూసిన తర్వాతే సి నుంచి సి కేబులు వాడే చార్జరు కరెంటు వదులుతుంది. అవి లేనప్పుడు, ఒక కొస పాత పద్ధతి వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులుతోనే చార్జి అవుతుంది. రెండు రెసిస్టర్ల ఖరీదు రూపాయి కూడా ఉండదు, వాటిని మిగుల్చుకున్న వాడి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. సన్నని మొన ఉన్న సోల్డరింగు కడ్డీ చేతిలో ఇమిడితే తర్వాత వేసుకోవచ్చు గాని, పోర్టు కాళ్లు చాలా చిన్నవి.

వేళచ్చేరి

ఇద్దరికీ ధన్యవాదాలు. సెల్ 33 గ్రాములు తూగింది. కరెంటు మొదట 0.9 ఆంపియర్లు, పది నిమిషాలకు 0.8. అంటే కరెంటు తగ్గింది కొంచెమే, వెలుగు తగ్గింది చాలా ఎక్కువ. తల విప్పి చూస్తే మైలాపూరు వారు చెప్పినట్టే ఉంది: ఎల్ఈడీ బిళ్ల కింద చిటికెన వేలు దూరేటంత బోలు, వేడిని లోహానికి అందించే పేస్టు చుక్క కూడా లేదు. ఒక రాత్రి ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి సెల్ 2.4 వోల్టులకు పడిపోయి ఉంది.

సమాధానం: మైలాపూరు

ఆ సెల్‌ను ఇక చార్జి చేయకండి. లిథియం సెల్ 2.5 వోల్టుల కిందికి దిగకుండా ఆపే రక్షణ అటు సెల్‌లోనూ ఇటు టార్చిలోనూ లేదని తేలింది. కొత్తది కొనేటప్పుడు రక్షణ సర్క్యూట్ ఉన్నదే అడగండి. అది 18650 మామూలు కొలత 65 మిల్లీమీటర్ల కంటే కొంచెం పొడవుంటుంది కనుక టార్చి వెంట తీసుకెళ్లి సరిపోతుందో లేదో చూసుకోండి.

బోలులో పట్టేటట్టు రాగి ముక్కను గుండ్రంగా అరగదీసి, పైనా కిందా ప్రాసెసర్లకు రాసే థర్మల్ పేస్టును పల్చగా పూసి, ఎల్ఈడీ బిళ్లను దాని మీద గట్టిగా ఆనేటట్టు బిగించండి. ఎల్ఈడీ తీగలు రాగికి తగలకూడదు.

సమాధానం: అంబత్తూరు, చెన్నై

జూమ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఆ చతురస్రం ఎల్ఈడీ చిప్ బొమ్మే, లెన్సు దాన్ని గోడ మీద పెద్దదిగా వేస్తుంది. తల ముందుకు లాగినకొద్దీ ఎల్ఈడీ నుంచి పక్కలకు పోయే వెలుగు లెన్సుకు అందక గొట్టం గోడలకు తగిలి వృథా అవుతుంది. దూరం కనిపిస్తున్నా బయటికి వచ్చే వెలుగు నిజానికి తక్కువ. నీళ్ల విషయంలోనూ తప్పు జూమ్‌దే: తల జరిగిన ప్రతిసారీ సైకిలు పంపులాగా గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు తేమా వస్తుంది. నీటిని ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ అంకె చెబుతుంది: ఐపీఎక్స్4 అంటే చిమ్మిన నీటిని తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉండగలదు. అంకె లేకుండా వాటర్‌ప్రూఫ్ అని మాత్రమే రాస్తే దానికి కొలత లేదు.

నేనైతే తలను పూర్తిగా వెనక్కి నెట్టి, జరిగే చోట చుట్టూ సిలికాన్ పూసి, జూమ్‌ను శాశ్వతంగా మానేస్తాను. మోకాలి లోతు నీళ్లలో నడిచే మనిషికి అడుగు ముందున్న గుంత కనిపించాలి గాని ఎదురింటి మేడ కాదు. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే పాత లెడ్-ఆసిడ్ టార్చీ మీ ఇంట్లో ఉంటే వానాకాలంలో దాన్ని వాడకండి. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చార్జి అవుతున్నప్పుడు పగిలిన తొడుగు లోపల చెయ్యి తగిలితే షాక్ కొడుతుంది.

వేళచ్చేరి

రాగి ముక్క వేశాను. రక్షణ ఉన్న 2600 ఎంఏహెచ్ సెల్ రెండో దుకాణంలో దొరికింది. వెనక స్ప్రింగు కొంచెం ఎక్కువ అణగవలసి వచ్చింది గాని మూత బిగిసింది. అదే గదిలో అదే పద్ధతిలో కొలిస్తే మొదట 64, పది నిమిషాలకు 55, గంటకు 41. ఇప్పుడు తల చేతికి బాగా వెచ్చగా తగులుతోంది. సిలికాన్ పూసి ఒక రోజంతా ఆరనిచ్చాను. నిన్నటి జల్లులో పది నిమిషాలు తడిసినా లెన్సు లోపల ఆవిరి పట్టలేదు.

టపటపా కొట్టుకునే మోడ్ సర్క్యూట్‌లోనే ఉన్నందున దాన్ని ఏమీ చేయలేకపోయాను. ఆపేటప్పుడు టార్చిని నేల వైపు తిప్పమని నాన్నగారికి చెప్పాను. రెసిస్టర్ల జోలికి పోలేదు, పనికొచ్చే కేబులును టార్చి తాడుకే కట్టేశాను. సెల్‌కూ రాగికీ కలిపి టార్చి ఖరీదుకు సమానంగా ఖర్చయింది. మళ్లీ కొనవలసి వస్తే జూమ్ లేనిది, సెల్ దిగినా వెలుగు నిలకడగా ఇచ్చే డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) ఉన్నది, ఐపీఎక్స్ అంకె రాసినది మాత్రమే కొంటాను. ప్రస్తుతానికి దీన్ని మీటరు పెట్టె పక్కన మేకుకు తగిలించాం. చార్జింగ్ మాత్రం మేము మెలకువగా ఉన్నప్పుడే, వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి చేస్తున్నాం.