ఒడ్డుకు కొట్టుకొచ్చే ప్లాస్టిక్: కంప్యూటర్ నమూనా మాట నమ్మవచ్చా?

ఉప్పుగాలి:
పోయిన కార్తికంలో వాన వెలిసిన మర్నాడు విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లాను. చెప్పులు, సీసాలు, తెగిన వలముక్కలు, పాలప్యాకెట్లు. కాలు పెట్టే చోటు లేదు. పక్కన నడుస్తున్న ఒక పెద్దమనిషి, "ఇది మన చెత్త కాదండీ, ఉత్తరం నుంచి ప్రవాహం తెచ్చి పడేసింది. కంప్యూటర్ నమూనాల్లోనే తేలింది" అన్నారు. నమూనా నిజంగా అంత చెప్పగలదా? లేక మన తప్పును పొరుగువాడి మీదకు నెట్టడానికి పనికొస్తోందా?

సుడిగుండం:
చెప్పగలదు. సముద్రం పటం మీద వేల ఊహా రేణువులను వదులుతాం. ఒక్కోదాన్ని ప్రవాహం ఎంత లాగింది, గాలి ఎంత తోసింది, అలలు తాము వెళ్లే వైపు ఎంత జరిపాయి అని గంటగంటకూ కూడుకుంటూ పోతాం. సముద్రంలో తప్పిపోయినవారిని వెతకడానికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నడిపే 'సారత్' అనే సాధనం కూడా ఇదే బాపతు. 1992 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో ఒక ఓడ నుంచి సుమారు 28 వేల ప్లాస్టిక్ బొమ్మలు, బాతులూ తాబేళ్లూ, నీళ్లపాలయ్యాయి. పది నెలలకు అలాస్కా ఒడ్డున తేలాయి. ఎబ్స్‌మేయర్, ఇంగ్రహాం అనే శాస్త్రవేత్తలు వాటితోనే తమ నమూనాను సరిచూసుకున్నారు. మన దగ్గర చూస్తే, 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే సరుకు ఓడ మునిగాక అందులోని ప్లాస్టిక్ గుళికలు దక్షిణాన తిరువనంతపురం ఒడ్డుకు చేరాయి. నైరుతి రుతుపవనాల వేళ ఆ తీరం వెంట నీరు పారేది దక్షిణానికే.

గెడ్డ పక్కిల్లు:
మీరు చెప్పినవన్నీ ఓడల కథలే, గమనించారా? ఎక్కడ పడిందో, ఏ రోజు పడిందో తెలుసు. మా ఇంటి పక్క గెడ్డ (వాగు) ఏ వానకు ఎంత చెత్త సముద్రంలో కలిపిందో ఎవరు రాసిపెట్టారు? పైగా ప్రపంచమంతటికీ వేసే ప్రవాహాల లెక్కలో సముద్రాన్ని గడులుగా విడగొడతారు, ఒక్కో గడి దాదాపు 9 కిలోమీటర్లు. ఫిషింగ్ హార్బర్, ఆర్కే బీచ్, నడుమ గెడ్డలు అన్నీ ఒకే గడిలో పడతాయి. ఆ గడికి మా గెడ్డ ఉన్నట్టే తెలియదు. మూత బిగించిన ఖాళీ సీసా తల పైకెత్తి గాలి చెప్పినట్టు పోతుంది, తడిసిన కవరు నీటితో పోతుంది. ఒకే రోజు ఒకే గెడ్డలో పడినా రెండూ ఒకే చోటికి చేరతాయని ఎవరు చెప్పారు?

సుడిగుండం:
గడి సంగతి ఒప్పుకుంటున్నాను. అంతకన్నా పెద్ద లోపం ఒకటుంది, మీరు అడగలేదు గనుక నేనే చెబుతాను. రేణువు ఒడ్డు దగ్గరికి వచ్చాక ఇసుకలో ఆగిందా, తర్వాతి పోటుకు మళ్లీ నీటిలోకి వెళ్లిందా అనేది చాలా నమూనాల్లో పాచికలు వేసినట్టే. రోజుకు ఇంత అవకాశం అని మేమే ఒక అంకె పెడతాం. 2021లో వచ్చిన ఒక ప్రపంచస్థాయి అధ్యయనం ప్రకారం, నేల మీది నుంచి అయిదేళ్లలో సముద్రంలో కలిసిన తేలే ప్లాస్టిక్‌లో కనీసం 77 శాతం ఒడ్డునో తీరానికి దగ్గరి నీళ్లలోనో ఉంటుంది. అందులో ఒడ్డున ఎంత, నీటిలో ఎంత అన్నది మాత్రం ఆ అంకెను బట్టి మారుతుంది.

గెడ్డ పక్కిల్లు:
చూశారా, మీ లెక్కే చెబుతోంది, చెత్త దూరం పోదని!

సుడిగుండం:
తీరం వదలదు అన్నాను, మీ తీరం వదలదు అనలేదు. మన తూర్పు తీరం వెంట ప్రవాహం వేసవిలో, నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. కార్తికంలో ఆ పెద్దమనిషి మాటలో కొంత నిజం ఉండవచ్చు. కొంతే.

తెప్ప:
చిన్నప్పుడు మా నాన్నతో అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగేవాణ్ని. చాలా రోజులు సముద్రంలో తిరిగిన సీసాకు చిన్న చిన్న గుల్లలు అంటుకుని ఉంటాయి, చేత్తో గీకినా రావు. నిన్న పడినది నున్నగా ఉంటుంది. ఉప్పుగాలి గారూ, మీరు చూసినవి ఎలా ఉన్నాయి?

ఉప్పుగాలి:
సీసాలు గుర్తులేవు. పాలప్యాకెట్లు మాత్రం నున్నగానే ఉన్నాయి. ఒకటి మా ఇంటికి వచ్చే డెయిరీదే.

గెడ్డ పక్కిల్లు:
ఆదివారం పొద్దున్నే నేను చెత్త ఏరడానికి సంచి పట్టుకుని వెళ్తాను. ఇసుక దగ్గరికి కాదు, గెడ్డ మూతి దగ్గరికి. సుడిగుండం గారూ, గుల్లలున్నవి, లేనివి వేరువేరుగా లెక్కపెట్టి ఇస్తే మీ నమూనాకు పనికొస్తుందా?

సుడిగుండం:
పనికొస్తుంది. తేదీ, పోటు సమయం, గాలి దిశ కూడా రాయండి. అక్కడి నుంచి రేణువులను కాలంలో వెనక్కి నడిపించి, ఎక్కడి నుంచి వచ్చి ఉంటాయో చూస్తాను.