వేడెక్కితే సెల్ఫ్ పట్టదు, పొద్దున మామూలే: పాత పెట్రోల్ బండిలో కరెంట్ ఫాల్ట్ ఎక్కడ వెతకాలి?

కొర్లగుంట కుర్రోడు:

అన్నలకు నమస్తే. 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. మీటర్ 1,12,000 కి.మీ. చూపిస్తోంది. పొద్దున ఒక్క కీకే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాకనో, కొండెక్కి ఆపాకనో మళ్లీ కీ తిప్పితే ‘టిక్’మని ఒక్క శబ్దం, అంతే. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు పడుతుంది. ఈ మధ్య తిరుమల రెండో ఘాట్ రోడ్డులో సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే బ్యాటరీ లైటు మినుకుమంటోంది, ఇంజిన్ ఒక దెబ్బ మిస్సై మళ్లీ అందుకుంటోంది.

బ్యాటరీ కొత్తది. డైనమోకు కార్బన్ బ్రష్‌లు మార్చారు. సెల్ఫ్ మోటార్ విప్పి టేబుల్ మీద తిప్పితే బ్రహ్మాండంగా తిరిగింది. స్కానర్‌లో కోడ్‌లేమీ లేవు. ఒకరు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయిందంటారు, ఒకరు మొత్తం వైరింగ్ మార్చమంటారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మల్టీమీటర్ ఉంది, వోల్టేజ్ చూడడం వరకు తెలుసు.

రేణిగుంట వైరింగ్:

ఈసీయూ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ‘టిక్’ వినిపిస్తోందంటే కీ నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే అయస్కాంత స్విచ్) దాకా సన్న వైరులో సప్లై వస్తున్నట్టే. శబ్దమే రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, స్టార్టర్ రిలే చూడాలి. మీది ఎక్కువగా లావు వైర్ల సమస్యే అయ్యుండాలి.

టేబుల్ మీద సెల్ఫ్ తిరగడం రుజువు కాదు. అక్కడ దానికి లోడ్ లేదు. ఇంజిన్‌ను తిప్పాలంటే చిన్న పెట్రోల్ బండిలో కూడా వంద ఆంప్స్ పైనే లాగుతుంది. దారిలో ఎక్కడో 0.05 ఓమ్ అడ్డం ఉందనుకోండి, వంద ఆంప్స్‌కు 5 వోల్టులు అక్కడే ఆవిరి. ఆ 0.05ను మామూలు మల్టీమీటర్ ఓమ్స్ రేంజ్‌లో పట్టుకోలేదు, దాని ప్రోబ్ వైర్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ‘బీప్ కొట్టింది, వైరు బాగుంది’ అనే మాటనూ నమ్మొద్దు. లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా బీప్ కొడుతుంది.

ముందు ఒక్కటి చూసి చెప్పండి. ఈసారి సెల్ఫ్ పట్టనప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచి కీ తిప్పండి. లైట్లు బాగా మసకబారితే, లేదా డాష్‌బోర్డ్‌తో సహా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ దగ్గర చూడాలి. లైట్లు ఉన్నవి ఉన్నట్టే వెలుగుతూ సెల్ఫ్ మాత్రం కదలకపోతే వెతికే చోటు మారిపోతుంది.

పాకాల పెట్రోల్:

వేడికి మిస్సవడం, చల్లారితే బాగవడం అంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని ఈసీయూకు చెప్పేది) లక్షణం కదా? లోపలి కాయిల్ వేడికి ఓపెన్ అవుతుంది. మెయిన్ రిలేలో టంకం పగిలినా ఇంతే. ముందు ఆ రెండూ మార్చి చూడండి, పెద్ద ఖర్చేం కాదు.

మొగిలి ఘాట్:

పాకాల అన్నా, క్రాంక్ సెన్సర్ పోతే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజినే అందుకోదు. ఇక్కడ సెల్ఫే కదలడం లేదు. రెండు లక్షణాలకూ ఒకే కారణం కుదురుతుందేమో చూశాకే విడివిడిగా వెతకాలి. ఇంజిన్ ఎర్త్ (ఇంజిన్ నుంచి కరెంట్ బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే వైరు) పోతే రెండూ వస్తాయి.

కొర్లగుంట తమ్ముడూ, చాలా చిన్న కార్లలో బ్యాటరీ నెగటివ్ నుంచి రెండు దారులుంటాయి: ఒకటి బాడీకి, ఇంకోటి గేర్‌బాక్స్‌కో ఇంజిన్‌కో. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి ఆ రెండో వైరే దానికి దిక్కు. లైట్లకు బాడీ ఎర్త్ చాలు. సెల్ఫ్, డైనమో, చాలా బండ్లలో ఇగ్నిషన్ కాయిల్, కొన్ని సెన్సర్లు ఇంజిన్ ఎర్త్ మీదే బతుకుతాయి. ఘాట్‌లో లో గేర్‌లో లాగేటప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, లగ్గు (వైరు కొసన బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర సగం తెగిన వైరు అప్పుడే విడుతుంది. వేడికి ఆ తుప్పు పట్టిన జాయింట్ ఇంకా సాగుతుంది.

టెస్ట్ ఇది. మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ సీసం పోస్ట్ మీదే నొక్కండి, దానికి బిగించిన క్లాంప్ మీద కాదు. ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ బ్లాక్ మీద తుప్పు లేని బోల్టుకు పెట్టి ఇంకొకరిని కీ తిప్పమనండి. 0.2 లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే తప్పు దొరికినట్టే. తర్వాత పాజిటివ్ వైపు: బ్యాటరీ పాజిటివ్ పోస్ట్ నుంచి సెల్ఫ్ మీది లావు స్టడ్ దాకా. అక్కడా 0.5 దాటకూడదు. అదే సమయంలో బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 9.6 కన్నా తగ్గితే మాత్రం కొత్తదైనా సరే బ్యాటరీనే అనుమానించండి.

ఇవన్నీ ఫాల్ట్ ఉన్నప్పుడే కొలవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. మీటర్, 10 నంబర్, 12 నంబర్ స్పానర్లు, ఒక జంపర్ కేబుల్ బండిలోనే పెట్టుకోండి. సెల్ఫ్ పట్టనప్పుడు జంపర్ కేబుల్‌లో ఒక్క వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస ఇంజిన్ ఎత్తే కొక్కేనికి పట్టించి కీ తిప్పండి. పెట్రోల్ పైపులకు, బెల్టుకు దూరంగా ఉండాలి. వెంటనే పట్టిందంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఎవరైనా డైనమో టెస్ట్ అని చెప్పి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. కార్బ్యురేటర్ బండ్ల నాటి అలవాటది. ఆ క్షణంలో డైనమో వోల్టేజ్ ఎగిరి బాగున్న ఈసీయూ నిజంగానే పోతుంది.

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్ అన్నా. చంద్రగిరి పోయొచ్చాక వేడి మీద సెల్ఫ్ పట్టలేదు, అప్పుడే కొలిచాను. హెడ్‌లైట్లు మసకబారలేదు. ‘టిక్’ దగ్గర బ్యాటరీ పోస్టుల మధ్య 12.1. నెగటివ్ పోస్ట్ నుంచి ఇంజిన్ బ్లాక్‌కు 7.8 వోల్టులు! పాజిటివ్ వైపు 0.1 మాత్రమే. జంపర్ వైరు పెట్టగానే ఒక్క దెబ్బకు స్టార్ట్. మరి వైరు పైకి బాగానే కనిపిస్తోంది, బోల్టు కూడా టైటుగానే ఉంది?

మొగిలి ఘాట్:

పైకి అలాగే ఉంటుంది. లగ్గు లోపలికి దూరే చోట ఇన్సులేషన్ కింద రాగి నల్లబడో, పచ్చబడో ఉంటుంది. అక్కడ రెండు అంగుళాలు తొక్క కోసి చూడండి. బ్యాటరీ ఆవిరి వైరులోకి పాకే చోటు అదే.

పాతదానికి అతుకు వేయొద్దు. 25 చదరపు మి.మీ. రాగి కేబుల్ తీసుకోండి. వెల్డింగ్ కేబుల్ అయితే సన్న పోగులు ఎక్కువ, ఇంజిన్ ఊగినా తట్టుకుంటుంది. రెండు కొసలకూ కళాయి పూసిన రాగి లగ్గులు, బోల్టు సైజుకు సరిపోయే రంధ్రంతో. లగ్గును సుత్తితో కొట్టి నొక్కితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. టంకం కూడా వద్దు. టంకం పీల్చుకున్న పోగులు బిరుసెక్కి, అది ఆగిన చోటే ఊపుకు విరుగుతాయి. పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి వేడి చేయించండి. పొడవు పాతదానికన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువ పెట్టి వదులుగా వంచి బిగించాలి, లాగి కట్టకూడదు.

బిగించే చోట గేర్‌బాక్స్ మీదా, బాడీ మీదా ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం కనిపించేదాకా రుద్దండి. పెయింట్ మీద బోల్టు ఎంత బిగించినా లాభం లేదు. బిగించాక పైన వాసలిన్ పూయండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టాలి, బిగించేటప్పుడు అదే చివరన.

యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ కూడా చూడండి. అసలు ఎర్త్ తెగితే సెల్ఫ్ కరెంట్ ఆ ఇనుప కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది, లోపలి ప్లాస్టిక్ కరిగి కేబుల్ బిగుసుకుంటుంది. పెడల్ బరువుగా ఉంటే కేబుల్ మార్చాల్సిందే.

రేణిగుంట వైరింగ్:

మొగిలి అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. పాత ఓనర్లు కలిపిన వైర్లు ఏమున్నాయో చూడండి. మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, ఫాగ్ ల్యాంపులు, అన్నీ టేపు చుట్టి కలిపేస్తారు. ఫ్యూజ్ బాక్స్‌లో నీలం రంగు 15 ఆంప్స్ ఉండాల్సిన చోట పచ్చ 30 కనిపిస్తే ఎవరో ఏదో దాచినట్టు.

2015 డిసెంబర్‌లో చెన్నై, 2021 నవంబర్‌లో మన తిరుపతి మునిగాయి. బండి ఆ నీళ్లలో నిలిచిందేమో కూడా చూసుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద గీత ఉందా? కార్పెట్ కింద కప్లర్ల (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింట్ల) పిన్నులు పచ్చగా ఉన్నాయా? ఉంటే ఎర్త్ వైరు బాగుచేసినా ఒక్కొక్కటే బయటపడుతుంది.

కొర్లగుంట కుర్రోడు:

సీటు బెల్టు శుభ్రంగానే ఉందన్నా. కార్పెట్ ఇంకా ఎత్తలేదు. వైరు మారేదాకా ఘాట్ ఎక్కొచ్చా?

మొగిలి ఘాట్:

ఎక్కొద్దు. మలుపులో ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి, తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. ఊర్లో తిరగాలంటే ఆ జంపర్ వైరు డిక్కీలో ఉంచుకోండి, బిగించి మాత్రం నడపొద్దు, క్లాంప్ జారి పాజిటివ్‌కు తగిలితే కష్టం.

కొత్త వైరు వేశాక వేడి మీదే మళ్లీ కొలవండి: కీ తిప్పేటప్పుడు 0.2 లోపు, ఐడిల్‌లో ఏసీ, హెడ్‌లైట్లు వేసి 0.1 లోపు. బ్యాటరీ పోస్టుల మధ్య 13.8 నుంచి 14.5. ఐడిల్‌లో 13.5 కూడా రాకపోతే బెల్టు టైట్, తర్వాత ఆ కొత్త కార్బన్ బ్రష్‌లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూపించండి.