కలిసి చేద్దామా, ఎవరికి వాళ్లమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఒంటెద్దు: అందరివీ చిన్న కమతాలే. సంఘం పెట్టుకుందామని తోటి రైతులు అడుగుతున్నారు. విత్తనాలు, ఎరువులు కలిపి కొంటే ఖర్చు తగ్గుతుంది, సరే. పంట కూడా కలిపే అమ్ముదామంటే మనసు ఒప్పట్లేదు. ఎవరికి ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది?

పాలక్యాను: సరుకును బట్టి ఉంటుందండీ. పాలు పూట దాటితే విరిగిపోతాయి, కాబట్టి ఒంటరి రైతు ఇచ్చిన రేటుకి తలూపాల్సిందే. 1882లో డెన్మార్క్‌లో మొదటి సహకార డెయిరీ పెట్టినప్పుడు మీగడ తీసే యంత్రం చిన్న రైతు ఒక్కడి వల్ల అయ్యేది కాదు, పైగా దానికి పాలు బోలెడు కావాలి. అందుకే ఇంటి వాడకం పోను మొత్తం సంఘానికే పోస్తామని సభ్యులు ఒప్పుకున్నారు. గింజలైతే ధర వచ్చేదాకా ఆగొచ్చు (అప్పులవాడు ఆగనిస్తేనే అనుకోండి).

మెట్టచేను: మాది చెడిన కథ. సంఘం తరఫున ముందే రేటు మాట్లాడుకున్నాం. కోతల నాటికి బయట రేటు పెరిగింది. దళారీ కళ్లం దగ్గరికే వచ్చి డబ్బు చేతిలో పెట్టాడు, చాలామంది అటే అమ్మేశారు. వాళ్లను తిట్టలేను. సంఘం డబ్బు సరుకు అమ్ముడయ్యాకే వస్తుంది, కూలీలు అప్పటిదాకా ఆగరు కదా. చెప్పినంత సరుకు ఇవ్వలేక ఆ కొనుగోలుదారు పోయాడు. రేటు పడిన ఏడాది మళ్లీ అందరికీ సంఘం గుర్తొచ్చింది!

ఒంటెద్దు: నా టెన్షన్ అదే అన్నా. జరిమానా పెట్టుకుంటే?

మెట్టచేను: రాసుకోవచ్చు తమ్ముడూ, పక్క చేనువాడి దగ్గర వసూలు చేసేదెవరు? సరుకు దించగానే కొంత అడ్వాన్స్ ఇవ్వగలిగితే అదే నయం.

నాగటిచాలు: ఫ్రాన్స్‌లో క్యూమా అని యంత్రాల సహకార సంఘాలు 1945 నుంచీ ఉన్నాయి. ఎవరు ఎంత వాడతారో ముందే ఒప్పుకొని ఆ మేరకు వాటా కడతారు. గొడవంతా వరుస దగ్గరే. మబ్బు పట్టిందంటే అందరికీ ఆ రోజే కావాలి. దుక్కి పనిముట్లు కలిపి కొనండి, కోత మిషన్ జోలికి మాత్రం పోకండి.

నాచేను_నాఇష్టం: ఒంటరిగా చేసేవాళ్లంతా స్వార్థపరులన్నట్టు మాట్లాడతారు, ఒప్పుకోను. మీటింగులకు పోయే టైము, లెక్కలు రాసేవాడి జీతం ఖర్చు కాదా? నేను ఏరి, ఆరబెట్టి తెచ్చిన సరుకూ, ఇంకొకరి తాలూ ఒకే కుప్పలో పోసి ఒకే రేటు కడితే నాకేం లాభం?

పాలక్యాను: నిజమే. పాలకైతే వెన్న శాతం చూసి కడతారు. కొలిచే పద్ధతి లేని సంఘంలోంచి ముందు జారుకునేది మంచి రైతులే.

ఒంటెద్దు: అయితే ఈ ఏడాదికి ఎరువుల వరకే కలుస్తాం. అడ్వాన్స్ ఇవ్వడానికి నిధి ఎలా పోగేయాలి? చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?