38 శాతం చూపిస్తూనే లాప్‌టాప్ ఆరిపోతోంది. పాత బ్యాటరీ బాగుపడుతుందా?

తెనాలి లెక్కల టీచర్:
నమస్కారమండీ. ఇంట్లో టెన్త్ పిల్లలకు లెక్కలు చెబుతాను. సాయంత్రం ఆరున్నరకు ఒక ఆన్‌లైన్ బ్యాచ్, గంటన్నర. మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు 2019లో కొన్న లాప్‌టాప్ ఇప్పుడు నా చేతికొచ్చింది. నేను ఏనాడూ ఛార్జర్ తీసిన పాపాన పోలేదు. అదీ పడమటి కిటికీ పక్కన.

మొన్న కరెంటు పోయింది. ఫోన్ నెట్ పెట్టుకుని క్లాసు కొనసాగించాను. 38 శాతం ఉంది కదా అన్న ధైర్యంతో సరూప త్రిభుజాల నిరూపణ సగం రాశానో లేదో, టప్పున ఆరిపోయింది. మొత్తం గంటా ఇరవై నిమిషాలు వచ్చింది. షాపతను కొత్త బ్యాటరీకి 3,200 అడిగాడు. మా మరిదేమో పాతదాన్నే కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెడితే మళ్లీ లేస్తుందంటున్నాడు, యూట్యూబ్‌లో చూశాట్ట. నిజమేనా?

నైట్‌షిఫ్ట్ నాని:
ఫ్రీజర్ సంగతి తెలీదు గానీ, ఛార్జింగ్ 80 దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి మేడమ్. లెనోవో అయితే వాంటేజ్ యాప్‌లో, అసూస్ అయితే మైఅసూస్ యాప్‌లో ఉంటుంది. డెల్‌లో బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) వెతకండి. నేనూ రోజంతా ప్లగ్గులోనే ఉంచుతాను.

పార్క్‌లేన్ పాతకాపు:
టీచర్ గారూ, సికింద్రాబాద్‌లో పద్దెనిమిదేళ్లు లాప్‌టాప్‌లు విప్పినవాణ్ణి. ఫ్రీజర్లో రొయ్యలు పెట్టుకోమనండి మీ మరిదిగారిని. నికెల్ బ్యాటరీల కాలం నాటి చిట్కా అది, లిథియం వచ్చినా జనం వదల్లేదు. ఒకాయన ఇలాగే రాత్రంతా పెట్టి పొద్దున్నే నా దగ్గరికి తెచ్చాడు. బయటికి తీయగానే చెమ్మ పట్టి కనెక్టర్ పిన్నులు చిలుం పట్టాయి. అప్పటిదాకా అరగంటైనా వచ్చేది, ఆ తర్వాత అదీ లేదు.

తగ్గిపోయిన కెపాసిటీని ఎవరూ వెనక్కి తేలేరు. లోపల గ్రాఫైట్ మీద పొర పేరుకుంటూ లిథియాన్ని తినేస్తూ ఉంటుంది. నిండా ఛార్జ్‌లో ఉంచడం, వేడి, ఈ రెండూ ఆ పొరను పెంచుతాయి. మీరు రెండూ ఇచ్చారు, పడమటి కిటికీతో సహా.

కానీ 38 దగ్గర ఆరిపోవడం వేరే జబ్బు అయ్యుండొచ్చు. శాతం చూపించే మీటర్ లెక్క తప్పినట్టుంది. దాన్ని సరిచేయొచ్చు. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్ సి ఎఫ్ జి అని కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతుందని మీటర్ అనుకునేది) రెండూ ఇక్కడ రాయండి. ముందు ఒక్కటి చూడండి: టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? బల్ల మీద పెడితే లాప్‌టాప్ ఊగుతోందా? అలా ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, ఆఫ్ చేసి షాపులో తీయించేయండి.

తెనాలి లెక్కల టీచర్:
ఉబ్బలేదండీ, గాజు బల్ల మీద పెట్టి చూశాను. డిజైన్ 41,040 మిల్లీవాట్ అవర్లు. ఫుల్ ఛార్జ్ 33,400. అంటే నూటికి 81 మార్కులు. కానీ ఆ 33,400లో 62 శాతం వాడగానే ఆరిపోయిందిగా, అంటే నాకు అందింది 20,700 చిల్లర. అసలు మార్కులు 50! తన పేపరు తనే దిద్దుకుందన్నమాట.

పార్క్‌లేన్ పాతకాపు:
నా కౌంటర్ దగ్గర ఇంత వేగంగా లెక్క తేల్చినవాళ్లు లేరండీ. ఇప్పుడు నూరు శాతం ఎక్కించి, రెండు గంటలు అలాగే ఉంచండి. తర్వాత ప్లగ్గు తీసి, దానంతట అది ఆరిపోయేదాకా వాడండి (ముందే అన్నీ సేవ్ చేసుకోండి). మూడు నాలుగు గంటలు వదిలేసి, మధ్యలో ఆపకుండా మళ్లీ నిండా ఎక్కించండి. ఇది మీటర్‌కి వైద్యం, బ్యాటరీకి కాదు. పూర్తిగా దింపడం బ్యాటరీకి మంచిది కాదు, తరచూ చేయొద్దు. ఆ తర్వాత కూడా 38 దగ్గరే ఆరిపోతే మీటర్ తప్పు కాదు, వరుసలో ఉన్న సెల్స్‌లో ఒకటి చతికిలపడుతున్నట్టు. అప్పుడు కొత్తది కొనక తప్పదు. కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి, అల్మారాలో పడున్నా బ్యాటరీకి వయసు పెరుగుతుంది.

తెనాలి లెక్కల టీచర్:
చేశానండీ. ఫుల్ ఛార్జ్ ఇప్పుడు 21,200 అని నిజం ఒప్పుకుంది. శాతం మెల్లగా సున్నా దాకా దిగుతోంది. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించి, తెరిచి ఉంచిన ట్యాబులన్నీ మూసేసి, శనివారం కరెంటు ఉండగానే ప్లగ్గు తీసి క్లాసు చెప్పాను. గంటన్నరకు ఇంకా 19 శాతం మిగిలింది.

ఒక చిక్కు. నాని గారు చెప్పిన 80 పెట్టాను. కానీ క్లాసుకు 81 శాతం ఖర్చయింది. 80తో మొదలుపెడితే చివరి లెక్క దగ్గర మళ్లీ చీకటే!

పార్క్‌లేన్ పాతకాపు:
రోజంతా 80లోనే ఉంచి, క్లాసున్న రోజు అయిదింటికి ఆ సెట్టింగ్ తీసేయండి. చివరి ఇరవై శాతం నెమ్మదిగా ఎక్కుతుంది, ఆరున్నరకి నిండుతుంది. క్లాసయ్యాక మళ్లీ పెట్టేయండి. బల్ల మాత్రం ఆ కిటికీ దగ్గర్నుంచి జరపండి.

తెనాలి లెక్కల టీచర్:
బల్ల తూర్పు గోడకి జరిపించాం, మరిదే మోశాడు. అయిదింటికి అలారం కూడా పెట్టుకున్నాను.