అప్‌డేట్: ఎమోజీ దగ్గర పోస్టు తెగిపోయే సమస్య తీరింది

నా ఓపెన్ సోర్స్ బ్లాగు సాఫ్ట్‌వేర్‌లో ఎమోజీ పెడితే అక్కడినుంచి పోస్టంతా మాయమవుతోందని అడిగాను కదా, తీరింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

డేటాబేస్ టేబుల్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను ఏ పద్ధతిలో దాచాలో చెప్పే సెట్టింగ్) చూడమన్న సలహాయే పనిచేసింది. నా బ్లాగు వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అనే పాత సెట్ ఒక్కో అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లే ఇస్తుంది. తెలుగుకు సరిగ్గా అన్నే చాలు, అందుకే ఇన్నాళ్లూ ఏ తేడా కనబడలేదు. ఎమోజీకి 4 కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటా వస్తే తిప్పికొట్టే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండటంతో ఎర్రర్ కూడా ఇవ్వకుండా మిగతాది కోసేసింది. టేబుళ్లను 4 బైట్ల దాకా ఇచ్చే 'యూటీఎఫ్8ఎంబీ4'కి మార్చాను. బ్లాగు రాసిన భాష పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కి వెళ్లే కనెక్షన్‌లో కూడా అదే పెట్టాలి, లేకపోతే ఎమోజీ బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి.

పీహెచ్‌పీ వదిలేసి నోడ్‌కి (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) మారమన్న వాదన రంజుగానే సాగింది గానీ దీనికి సంబంధం లేదు. నోడ్‌లో రాసినా ఆ టేబుల్‌లో ఎమోజీ సరిగ్గా చేరేది కాదు. ఇప్పటికే తెగిన పోస్టులు మాత్రం బ్యాకప్‌లోనూ దొరకవు, ఆ భాగం డేటాబేస్‌లోకి చేరనే లేదు.