పోలింగ్ ముందు రోజు పంచిన కరపత్రం అబద్ధమైతే ఎవరికి చెప్పాలి?

శ్రీను_నల్గొండ
పోలింగ్ ముందు రోజు పేపర్ మధ్యలో పెట్టి మా వీధంతా వేసిన కరపత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఇండిపెండెంట్ అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడని రాశారు. పచ్చి అబద్ధం. ముందు రోజే ఆయన మా ఇంటికొచ్చి ఓటడిగాడు. అది చదివి మా అమ్మ ఓటు మార్చేసింది. ఎవరికి చెప్పాలి? డబ్బు ఎవరు పెట్టారో తెలుస్తుందా? టీవీ ప్రకటనలనైనా ఎవరన్నా చూస్తారా?

తెనాలి_ప్రెస్
ముందు కాగితం కింది అంచు చూడండి. ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, అడ్రసులు ఉండాలి. అది ఎన్నికల చట్టం (ప్రజాప్రాతినిధ్య చట్టం) 127ఏ సెక్షన్. వేయించుకునేవాడు ఇద్దరు సాక్షుల సంతకాలతో డిక్లరేషన్ ఇవ్వాలి. దాని కాపీ, కరపత్రం కాపీ మేం కలెక్టరాఫీసుకు పంపాలి. లేదంటే ఆర్నెల్ల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మొన్న ఎన్నికలప్పుడు రాత్రి పదకొండింటికి ఇద్దరు కుర్రాళ్లొచ్చి "ఇరవై వేల కాపీలు కొట్టాలి, పేర్లు వద్దు" అని టేబుల్ మీద నోట్ల కట్ట పెట్టారు. పంపించేశాను. తెల్లారేసరికి అదే మేటర్ ఊరంతా ఉంది.

లెక్కల_మాస్టారు
డబ్బు సంగతి నన్నడగండి. ఒక అభ్యర్థికి ఖర్చుల రిజిస్టర్ రాశాను. అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకు 95 లక్షలు పరిమితి. టీకి, కుర్చీకి, షామియానాకు జిల్లా అధికారులు ఇచ్చిన రేటే కట్టాలి. సభకు వీడియో టీమ్ వచ్చి కుర్చీలు కూడా లెక్కపెడుతుంది. అదే పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు! ఇక పేరు లేని కరపత్రం ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. అసలు తప్పు ప్రెస్సులది. డబ్బులిస్తే ఏదైనా కొడతారు.

తెనాలి_ప్రెస్
మాస్టారూ, పైన నేను రాసింది చదివే ఈ మాటన్నారా?

ఫ్లెక్సీ_కర్నూలు
ఆ సెక్షన్ ఫ్లెక్సీలకు వర్తించదు. మేం ఎప్పుడూ పేరు వేయలేదు, ఎవరూ అడగలేదు.

తెనాలి_ప్రెస్
వర్తించదని ఎవరన్నారు? హోర్డింగుల మీద కూడా ప్రింటర్, పబ్లిషర్ వివరాలు ఉండాలని 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం చెప్పింది. మీలాంటి వాళ్ల వల్లే మా అందరికీ ఈ ముద్ర.

ఫ్లెక్సీ_కర్నూలు
మాటలు జాగ్రత్త. బ్యాంకు లోనుతో మెషీన్ కొన్నాను. నేను కాదంటే పక్క షాపుకు వెళ్తారు. నా కిస్తీ మీరు కడతారా?

తెనాలి_ప్రెస్
నాకూ కిస్తీలున్నాయి. అయినా ఆ కట్ట వెనక్కి ఇచ్చాను.

లాయర్_బెజవాడ
ఇద్దరూ ఆగండి. ఎన్నికల కేసులే పాతికేళ్లుగా చూస్తున్నాను. టీవీ సంగతి అందరూ వదిలేశారు. అది మన దగ్గర మొదలైన కేసే. టీవీల్లో రాజకీయ ప్రకటనలు వద్దన్న రూలును 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, ప్రకటన వేసే ముందే సర్టిఫికెట్ తీసుకోవాలని పెట్టింది. ఇప్పుడా పని ఎంసీఎంసీలది, అంటే ప్రకటనలు చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఎన్నికల కమిటీలది. పోలింగ్ రోజు, దాని ముందు రోజు పేపర్‌లో వచ్చే ప్రకటనకూ అనుమతి కావాలి.

వరంగల్_అక్క
పేపర్లు ఎవరు చదువుతున్నారండీ? మా కాలనీ గ్రూపులో ఒక నాయకుడి గొంతుతో ఆడియో వచ్చింది, అది ఆయన గొంతే కాదు. తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో పార్టీలు ఇలాంటివి తీసేయాలని 2024 మేలో ఎన్నికల సంఘం చెప్పింది. మూడు గంటల్లో అది ఎన్ని ఫోన్లకు వెళ్తుంది! ఆ రోజు ఎంత టెన్షన్ పడ్డానో.

శ్రీను_నల్గొండ
కింది అంచు చూశాను. ఏ పేరూ లేదు.

లాయర్_బెజవాడ
తప్పుకున్నాడని అబద్ధం రాయడం అదే చట్టంలో 123(4) సెక్షన్ కింద అక్రమ పద్ధతే. కాకపోతే గెలిచినాయన సమ్మతితోనే వేశారని నిరూపించాలి. ఓటరు కూడా హైకోర్టుకు వెళ్లవచ్చు, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా. ఎన్నాళ్లయింది?

శ్రీను_నల్గొండ
రెండు నెలలు దాటింది సార్.

లెక్కల_మాస్టారు
చూశారా, చివరికి నష్టపోయింది ఆ అభ్యర్థే.

తెనాలి_ప్రెస్
శ్రీనూ, 127ఏ దారి ఇంకా ఉంది. కలెక్టరాఫీసులో జిరాక్స్ ఇచ్చి రసీదు తీసుకోండి, ఒరిజినల్ ఇవ్వొద్దు. రెండు వైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇంకు, కటింగ్ చూసి ఏ రకం మెషీన్ మీద కొట్టారో చెబుతాను.