లాంచియా డెల్టా ఇంటిగ్రాలె నీలిపొగ వేస్తోంది: టర్బో మార్చక తప్పదా?

ప్రశ్న (టురిన్ వాసి)

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా ఇటలీలోని టురిన్‌లో ఉంటున్నాను. నిరుడు వేసవిలో 1990 నాటి లాంచియా డెల్టా హెచ్‌ఎఫ్ ఇంటిగ్రాలె కారు, 16 వాల్వుల మోడల్, కొన్నాను. 1995 సీసీ ఇంజన్, గారెట్ టి3 టర్బో (ఎగ్జాస్ట్ పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి గాలిని దట్టించే ఫ్యాను), కొత్తలో 200 హార్స్‌పవర్. 1989 సాన్‌రెమో ర్యాలీలో ఎర్రరంగుతో బరిలోకి దిగి, ఇటలీ డ్రైవరు మికి బియాజియోన్ చేతుల్లో మొదటిసారే గెలిచిన మోడల్ ఇదే. ఆ మోజుతోనే కొన్నానని ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, సిగ్నల్ దగ్గర మూడు నాలుగు నిమిషాలు ఆగి కదిలినప్పుడు సైలెన్సర్ నుంచి గుప్పున నీలిపొగ వస్తుంది, వంద గజాలు పోయేసరికి పోతుంది. పికప్ కూడా తగ్గింది. టర్బో ఒత్తిడి చూపే గేజి ముల్లు కొన్న కొత్తలో చేరిన చోటికి ఇప్పుడు చేరడం లేదు. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు అర లీటరు ఇంజన్ ఆయిల్ కలపవలసి వస్తోంది. ఇక్కడి ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఒక్క గొట్టమైనా విప్పకుండానే టర్బో పోయిందని తేల్చి, నా రెండు నెలల ఇంటద్దెకు సమానమైన అంచనా చేతిలో పెట్టారు. డబ్బు పెట్టడానికి నేను వెనుకాడటం లేదు కానీ, అసలు రోగం ఇదేనని తెలుసుకోకుండా పెట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ)

బాబూ, మీ కారును నేను కంటితో చూసింది లేదు. అయితే ముప్పై ఏళ్లుగా లారీ ఇంజన్ల టర్బోలు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, ఆ వస్తువు గురించి మాత్రం చెప్పగలను. ముందుగా, పొగనూ పికప్పునూ ఒకే గాటన కట్టకండి. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు; ఒకటే అనుకుని మొదలుపెడితే మీ వర్క్‌షాపు వాళ్లు చెప్పిన చోటికే మీరూ చేరతారు.

టర్బో షాఫ్టుకు (ఫ్యాను తిరిగే ఇరుసుకు) రెండు చివర్లా ఉండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగు లాంటి సన్నని లోహపు రింగులు. ఆయిల్ పైనుంచి ప్రెషర్‌తో వస్తుంది, బేరింగులను తడిపి, కింది లావుపాటి గొట్టం గుండా తన బరువుతో తానే సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారిపోతుంది. ఆ కింది గొట్టం మడ్డి పట్టి మూసుకుపోయినా, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం పూడుకుపోయి సంపులో గాలి ఒత్తిడి పెరిగినా, జారవలసిన ఆయిల్ జారదు. అప్పుడది రింగులను దాటుకుని ఇటు ఇంజన్‌కు గాలి వెళ్లే ఇంటేక్‌లోకో అటు సైలెన్సర్‌లోకో పోతుంది. టర్బోలో ఏ దోషమూ ఉండదు, నింద మాత్రం దానిమీదే పడుతుంది. కొత్త టర్బో వేయించుకుని, వారం తిరక్కుండా అదే పొగతో వెనక్కి వచ్చిన బండ్లను నేను చాలా చూశాను.

కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ వైపు గొట్టం విప్పి, టర్బో ఫ్యాను మధ్యలోని నట్టును రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కదిపితే కొద్దిగా కదులుతుంది. ఆయిల్ పొర నిలవడానికి ఉంచిన ఖాళీ అది, దాన్ని చూసి భయపడవద్దు. లోపలికి తోసి బయటికి లాగినప్పుడు మాత్రం వేళ్లకు తెలిసేంత కదలిక ఉండకూడదు. ఫ్యాను రెక్కల అంచులు గోడకు రాసుకున్న గీతలు కనిపించకూడదు. ఈ రెండూ బాగుంటే టర్బోకు తొందరపడి చేయి పెట్టవద్దు. గొట్టం లోపల పల్చగా ఆయిల్ జిడ్డు ఉంటే అది బ్రీదర్ ఆవిరి వల్ల మామూలుగా చేరేదే. వంపులో ఆయిల్ నిలిచి ఉంటేనే ఆలోచించాలి.

జవాబు 2 (ష్టుట్‌గార్ట్ నుంచి)

మేస్త్రి గారు చెప్పినది అక్షరాలా నిజం. నా దగ్గర ఇదే కారు 8 వాల్వుల మోడల్ పదకొండేళ్లుగా ఉంది కనుక, కారుకు సంబంధించిన సంగతులు కొన్ని కలుపుతాను.

పికప్ తగ్గినప్పుడు మొదట అనుమానించవలసినవి రబ్బరు గొట్టాలే. టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ వెళ్లే గొట్టాలు ముప్పై అయిదేళ్ల వేడికి గట్టిపడి, కనపడని అడుగు వైపు నెర్రెలు ఇస్తాయి. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ నెర్రె మూసుకునే ఉంటుంది. టర్బో గాలి నింపినప్పుడే నోరు తెరుస్తుంది. రెండు చివరలూ మూసి, లోపలికి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి, సబ్బునీళ్లు రాసి చూస్తే బుడగలు చోటు చెప్పేస్తాయి. టర్బో ఒత్తిడి హద్దు మీరకుండా చూసే వేస్ట్‌గేట్‌కు వెళ్లే సన్నని గొట్టాలనూ వదలవద్దు. ఈ కార్లలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే ఇనుప గొట్టాల సెట్టు) పగలడం కూడా తెలిసిన జబ్బే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గే శబ్దం వినిపిస్తే అక్కడ వెతకండి.

పొగ విషయానికి వస్తే, అది ఎప్పుడు వస్తుందన్నదే మీకు దొరికిన మంచి ఆధారం. ఒక పొడవాటి దిగుడు రోడ్డు మీద, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి గేరులోనే దిగండి. అప్పుడు ఇంటేక్‌లో శూన్యం బాగా ఏర్పడి, వాల్వు సీళ్లు (వాల్వు కాడల వెంట ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు టోపీలు) గట్టిపడి ఉంటే వాల్వు కాడల వెంట ఆయిల్‌ను లోపలికి పీలుస్తుంది. కిందికి చేరాక ఒక్కసారిగా రేసు ఇచ్చి అద్దంలో వెనక్కి చూడండి. నీలిపొగ గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించాలి. ఎక్కుడులో, భారం మీద, పొగ ఆగకుండా వస్తుంటే టర్బోనో పిస్టన్ రింగులో చూడాలి. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) కొలిపించడం ఎలాగూ మంచిది.

ఇంకొక్క మాట. ఇంజన్ మీదే చూపంతా నిలపకండి. ముందు అద్దం పై మూలల దగ్గర రేకు పగుళ్లు, వెనక షాకబ్జార్బర్లు బిగించే గూళ్లలో తుప్పు, ఈ రెండూ ఈ కారును ఇంజన్ కంటే ముందే తినేస్తాయి.

ప్రశ్నించినవారి వివరణ

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు శనివారాలు పట్టింది కానీ అన్నీ చూశాను. టర్బో షాఫ్టు లోపలికీ బయటికీ కదలడం లేదు, రెక్కల మీద గీత కూడా లేదు. బ్రీదర్ గొట్టం మాత్రం నల్లటి జిగురుతో ముప్పాతిక వంతు పూడుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే చింతపండు గుజ్జులా ఊడి వచ్చింది. ఇంటర్‌కూలర్ గొట్టానికి క్లిప్పు పక్కనే, సరిగ్గా అడుగున, బొటనవేలంత పొడవు చీలిక కనిపించింది. రెండూ మార్చాక గేజి ముల్లు పాత చోటికి చేరింది, పికప్ తిరిగి వచ్చింది.

పొగ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సుపెర్గా కొండ మీది నుంచి యాక్సిలరేటర్ వదిలి దిగి, కింద రేసు ఇస్తే, వెనక వస్తున్న స్కూటర్ ఆయన కనిపించనంత పొగ. కొండ ఎక్కేటప్పుడు చుక్క పొగ లేదు. కంప్రెషన్ నాలుగింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంది. అంటే ఇక వాల్వు సీళ్లేనా? వాటి కోసం హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించక తప్పదా?

జవాబు 3 (ష్టుట్‌గార్ట్ నుంచి)

మీరు చెప్పిన లక్షణాలన్నీ వాల్వు సీళ్లనే చూపుతున్నాయి. హెడ్డు దించనక్కరలేదు కానీ, వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులూ బయటికి రావాలి, అంటే వాటిని క్రాంకుతో కలిపి తిప్పే టైమింగ్ బెల్టు విప్పాలి. విప్పిన బెల్టును తిరిగి వేయకండి. దానితోపాటు బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ, ఇంజన్ అదురును తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల బెల్టునూ తప్పకుండా మార్చండి. చాలామంది ఆ రెండో బెల్టును చిన్నచూపు చూస్తారు. అది తెగి టైమింగ్ బెల్టు కింద చిక్కుకుంటే, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అప్పుడు మీరు కొనవలసింది సీళ్లు కాదు, ఇంజన్. నేను కిలోమీటర్లతో పనిలేకుండా మూడేళ్లకోసారి అన్నీ మార్చేస్తాను.

టర్బో బతికి ఉందని తేలింది కనుక దాన్ని అలాగే ఉంచుకోండి. గట్టిగా తోలి వచ్చినప్పుడు వెంటనే ఇంజన్ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే, బేరింగులలో ఆయిల్ మాడి బొగ్గు కాకుండా ఉంటుంది.

జవాబు 4 (ఆటోనగర్ మేస్త్రి, విజయవాడ)

సీలు మార్చడానికి వాల్వు స్ప్రింగు విప్పినప్పుడు వాల్వు సిలిండర్‌లోకి జారిపోకుండా చూసుకోవాలి. కంప్రెసర్ ఉంటే స్పార్క్ ప్లగ్గు రంధ్రం నుంచి గాలి ఎక్కించి వాల్వును పైకి నిలపవచ్చు. మా దగ్గర కరెంటు లేని రోజుల్లో తాడుతో చేసేవాళ్లం. పిస్టన్‌ను కాస్త కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడును చుట్టలు చుట్టలుగా లోపలికి దూర్చి, చేత్తో క్రాంకును నెమ్మదిగా తిప్పితే, పిస్టన్ పైకి వచ్చి ఆ తాడుతో వాల్వులను అదిమి పట్టుకుంటుంది. క్యాములు బయట ఉన్నప్పుడే ఈ పని చేయాలి. స్ప్రింగు తీశాక తాడు బిగువు కొద్దిగా సడలించి, వాల్వు కాడను పక్కలకు ఊపి చూడండి. బాగా ఊగితే గైడు (వాల్వు కాడ కదిలే గొట్టం) అరిగిందని అర్థం, అప్పుడు మాత్రం హెడ్డు దించక తప్పదు; అరిగిన గైడు మీద కొత్త సీలు ఎక్కువ కాలం నిలవదు.

తాడు కొత్తది కొనండి. పాతదైతే పోగులు ఊడి సిలిండర్‌లో ఉండిపోతాయి. బయటి కొసకు ముడి వేయడం మరవకండి.